కిటికీ బొమ్మ పెట్టనన్నాను

ఆఫీసులో నా వెనకాల నన్ను 'చిన్న గదుల మేడం' అనేవాళ్లు. నా ముందర అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కడపలో ఇళ్లకు లోపలి అలంకరణ చేసే ఆ సంస్థలో డిజైన్లు గీసే బల్ల దగ్గర కూర్చున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. పెద్ద హాళ్లు, మెట్ల మధ్య వేలాడే దీపాలు, రెండంతస్తుల ఎత్తు పరదాలు మగవాళ్ల వాటా. వంటింటి పక్క గది, పిల్లలు చదువుకునే గది, అద్దె కొంపలో ముందు గది నా వాటా. వాళ్లు తీసి పారేసినట్టే ఇచ్చారు. నేను గట్టిగా పట్టుకున్నాను, పనిలోంచి దిగిపోయేదాకా వదల్లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెప్తున్నాను. పెద్ద గదిని అందంగా చెయ్యడానికి ఇంటివాళ్ల దగ్గర డబ్బుంటే చాలు. చిన్న గదికి మన దగ్గర బుర్ర ఉండాలి. ఇది గర్వంగా వినిపిస్తే వినిపించనీయండి. ఇన్నేళ్లు వినయంగా ఉండి చూశాను, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

చిన్న గదిని పెద్దదిగా అనిపించేలా చెయ్యడంలో మంత్రమేమీ లేదు. గోడకూ పైకప్పుకూ ఒకే లేత రంగు వెయ్యాలి. పరదా కడ్డీని కిటికీ మీద కాకుండా పైకప్పు కిందనే బిగిస్తే గోడ ఎత్తుగా కనిపిస్తుంది. మంచానికీ బీరువాకూ కాళ్లుండి, వాటి కింద నేల కనబడుతుంటే కంటికి గది ఇంకా ఉన్నట్టు తోస్తుంది. అద్దం పెడితే గది రెండింతలవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మా సీమ ఎండ చూసినవాళ్లు కారు. కర్నూలులో ఒక ఇంట్లో పడమటి కిటికీకి ఎదురుగా గోడంత అద్దం పెట్టించాం. ఎండాకాలం వచ్చేసరికి సాయంత్రం ఎండ అద్దానికి తగిలి నేరుగా మంచం మీద పడటం మొదలైంది. ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి, ఉన్న సూర్యుడు చాలక ఇంకొకాయన్ని తెచ్చి నా గదిలో పెట్టిపోయినారు, ఎప్పుడు తీసకపోతారని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. మేం పోయి అద్దం తీసేదాకా దానికి దుప్పటి కప్పి ఉంచారు.

ఆ అద్దం దించింది మా వడ్రంగి. కర్నూలు పాతబస్తీ మనిషి. నేను ఆయన్ని భాయ్ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. వయసులో నాకన్నా పెద్ద. నేను గీసినదాంట్లో నచ్చనిదేదైనా ఉంటే నోటితో చెప్పడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని కొంచెంసేపు ఊరికే నిలబడతాడు. అప్పుడు నేను మళ్లీ గీయాలి. పనులు చూసుకునే సూపర్‌వైజరు ఒక కుర్రవాడు. తెలివైనవాడు, చెడ్డవాడు కాడు. ఇంటివాళ్లు ఏది అడిగినా 'అయిపోతుంది సార్' అనేవాడు. ఏది కాదో తర్వాత మేం తేల్చుకోవాలి. వీళ్లందరి మీద మా ఓనరు.

ఇప్పుడు చెప్పబోయే పని మైదుకూరులో వచ్చింది. బట్టల వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు పాత ఇల్లు పడగొట్టి అదే చోట నాలుగంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. ఇంటి లోపలి పనంతా మా సంస్థకే ఇచ్చారు. మా ఓనరు అంతకుముందు అంత పెద్ద పని చూసి ఉండలేదు. హాళ్లూ పడకగదులూ నా తోటివాళ్లు పంచుకున్నారు. నాకు ఫోన్ చేసింది ఆ అన్నదమ్ముల్లో తమ్ముడు. చాలా మర్యాదస్తుడు.

"చిన్న గదిని పెద్దదిగా కనిపించేటట్లు చేస్తారంట గదా మేడం. మాకట్లాంటిది ఒకటి ఉండాది. మా అక్కకు."

పోయి చూశాను. కింది అంతస్తులో వంటింటి వెనక, మెట్ల కింద నుంచి నడిచిపోతే వస్తుంది. మూడు వైపులా గోడలే. అందులో ఒక గోడ పక్కింటివాళ్ల గోడకు ఆనుకుని ఉంది. నాలుగో వైపు తలుపు. పైన ఒక చిన్న సందు, అది గొట్టాలు దిగే ఇరుకులోకి తెరుచుకుంటుంది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే, తలుపు మూసి చూస్తే నా చెయ్యి నాకే కనబడలేదు. ఇంజనీరు గీసిన ప్లానులో ఆ చోట 'స్టోరు' అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి ఇంకో పేరు రాయను కూడా లేదు.

ఒక గదిలో ఎవరు పడుకుంటారో వాళ్లతో మాట్లాడకుండా నేను పెన్సిలు పట్టను. ఆ మాట సూపర్‌వైజరుతో అంటే, వాళ్ల తమ్ముడే చెప్తున్నాడు కదా మేడం, మళ్లీ ఆమె ఎందుకు అన్నాడు. వాణ్ణి అక్కడే వదిలి బజారు వీధిలో వాళ్ల అంగడికి నడిచాను.

ఆ అక్కకు అరవైకి దగ్గరలో వయసు. సన్నగా, నిటారుగా ఉంది. బల్ల వెనక నిలబడి ఒకామెకు చీర మడత విప్పి చూపిస్తూ, ఇంకొకామెకు జాకెట్టు గుడ్డ కోస్తూ, ఆ రెండింటి మధ్యా నాతో మాట్లాడింది. పెళ్లయిన ఏడాదికే పుట్టింటికి తిరిగొచ్చిందని ఊళ్లో చెప్పారు. ఎందుకొచ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పటికి తండ్రి మంచాన పడి ఉన్నాడు, తమ్ముళ్లు బడికి పోతున్నారు. అంగడి ఆమె చేతుల్లోకి వచ్చింది. నేత ఊళ్లకు తనే పోయి చీరలు తెచ్చేది. తమ్ముళ్లు పెద్దవాళ్లై పెళ్లిళ్లు చేసుకున్నాక గల్లాపెట్టె దగ్గర వాళ్లు కూర్చున్నారు. ఈమె బల్ల వెనక నిలబడటం మాత్రం మానలేదు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు అందరూ అద్దె ఇంటికి పోతే, తను అంగడి మీదున్న గదిలోకి మారింది. ఇల్లు పూర్తయితే తిరిగి అందరితో కలిసి ఉండాలని ఆమె ఆశ.

"కింద చల్లంగుండే గది పెట్టినామని చెప్పినారు. నాకింకా చూసేకి పొద్దు చిక్కలా. ఎట్లుండాది పాపా?" అంది.

చూసింది చూసినట్టు చెప్పాను.

"కిటికీ ఏ పక్కకుండాది?"

"కిటికీ లేదక్కా."

గుడ్డ కోయడం ఆపింది. బల్ల ముందర నిలబడిన ఆడవాళ్లు కూడా ఆగారు. అసలు అదేం గది అని అడిగింది. ప్లానులో ఏం రాసి ఉందో చెప్పాను. ఆమె జాకెట్టు గుడ్డ కోసి, మడిచి, కవర్లో పెట్టి ఇచ్చి పంపించాక నా వైపు తిరిగింది. సరే, నువ్వు పో పాపా, నేనొచ్చి చూస్తాలే అంది.

కడపకు పోయి మా ఓనరుతో మాట్లాడాను. ఆ గదికి కిటికీ పెట్టే వీలు ఏ పక్కా లేదు. మొదటి అంతస్తులో వీధి వైపున్న గది మాత్రం రెండు కిటికీలతో వెలుతురుగా ఉంది. అది వ్యాయామం చేసే మిషన్లకని రాసుకున్నారు. ఆ గది ఆమెకిచ్చి, మిషన్లను పై అంతస్తులో పెట్టుకోమని మనం చెప్పి చూడొచ్చన్నాను. ఆయన నవ్వాడు. మనం గదులు అలంకరించేవాళ్లమే గానీ పంచిపెట్టేవాళ్లం కాదన్నాడు. అని, ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. గాజు పలక మీద అచ్చు వేసిన దృశ్యం, వెనక నుంచి దీపాలు, చుట్టూ చెక్క చట్రం, రెండు వైపులా పరదాలు. స్విచ్ వేస్తే గోడలో కిటికీ తెరిచినట్టే ఉంటుంది. తమ్ముడికి అప్పటికే చూపించాడు, ఆయనకు తెగ నచ్చింది.

సూపర్‌వైజరు ఉత్సాహంగా, శ్రీశైలం గేట్లు ఎత్తిన బొమ్మ పెడదాం సార్, పెద్దామెకు దేవుడున్న చోటూ కనిపిస్తుంది, నీళ్లూ కనిపిస్తాయి అన్నాడు.

అలాంటి పలకలు నేనూ పెట్టించాను. నేలమాళిగలోని ఆఫీసులో, డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో. అక్కడ మనుషులు కొంచెంసేపు కూర్చుని లేచిపోతారు. ఇక్కడ ఒక మనిషి రోజూ పొద్దున లేచి దాన్ని కిటికీ అనుకోవాలి. చిన్నదాన్ని పెద్దదిగా చూపడం నా విద్య. ఆ విద్యను ఎవరి మీద వాడుతున్నామో చూసుకునే బాధ్యత కూడా నాదే అని ఆ పూట నాకు తోచింది.

"కిటికీ బొమ్మ నేను పెట్టను సార్," అన్నాను.

మీరు కాకపోతే ఇంకొకరు పెడతారని ఆయన అన్నాడు. పెట్టించండి, ఆమె నన్నడిగితే మాత్రం నాకు తెలిసింది చెప్తాను అన్నాను. పని సూపర్‌వైజరుకు అప్పగించాడు. చూపించే రోజు మాత్రం నన్ను రమ్మన్నాడు. చిన్న గదుల మేడం పక్కన నిలబడితే ఇంటివాళ్లకు నమ్మకంగా ఉంటుందట.

ఆ రోజు ఆ గది ముందరి ఇరుకు దారిలో మేం నిలబడటానికే చోటు లేదు. అన్నదమ్ములిద్దరూ, మా ఓనరు, సూపర్‌వైజరు, భాయ్, నేను. తమ్ముడి భార్య మజ్జిగ గ్లాసులు పెట్టిన పళ్లెం పట్టుకుని వెనకగా నిలబడింది. తల వంచుకునే ఉంది. లోపల గోడలకు మీగడ రంగు వేశారు. ఒక గోడకు అద్దం, దాని ఎదుటి గోడకు ఆ పలక. భాయ్ తెచ్చిన మంచం వేసి ఉంది. సూపర్‌వైజరు స్విచ్ వేశాడు. నిజం చెప్పాలి, పని బాగా చేశారు. గోడ మీద కృష్ణ తెల్లగా దూకుతోంది, అద్దంలో ఇంకొక కృష్ణ. గది రెండింతలుగానే కనిపించింది.

అక్క అంగడి నుంచి నడిచి వచ్చింది. గడపలో నిలబడి చూసింది. లోపలికి పోయి పలకను అరచేత్తో తాకింది.

"ఇది తీస్తే ఎనకాల ఏముండాదప్పా?" అని సూపర్‌వైజరును అడిగింది.

"గోడే పెద్దమ్మా."

ఆమె మంచం మీద కూర్చుంది. ఆ లైటు ఆర్పి, తలుపు దగ్గరికేసి మీరంతా బయటుండండి అంది. తమ్ముడు నవ్వబోయి ఆగాడు. తలుపు మూసుకుంది. మేం బయట నిలబడ్డాం. అన్నదమ్ములు ఫోన్లు చూసుకున్నారు. మా ఓనరు గోడకు పూసిన పూత గురించి ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. భాయ్ పెన్సిలు చెవి మీద పెట్టుకుని నేల చూస్తూ ఉన్నాడు.

తలుపు తీసేసరికి ఆమె ముఖమంతా చెమట. కొంగుతో తుడుచుకుంది.

"గది చిన్నదని నేనేమనలేదు. నేనిప్పుడుండేది ఇంతకన్నా చిన్నదే. దీన్ని పెద్దదని నాకు చూపీడానికి ఇంతమంది వచ్చినారే, నాకు దానికి కష్టంగా ఉండాది."

తమ్ముడు కంగారు పడ్డాడు. అక్కకు మోకాళ్ల నొప్పులుంటాయని, మెట్లు ఎక్కలేదని, ఆమె కోసమే కింద పెట్టామని చెప్పాడు. అంగడి పైకి రోజూ మెట్లెక్కే పోతున్నా కదరా అంది ఆమె. వీధి వైపు గది సంగతేమిటని అడిగింది. మిషన్లకు చెప్పేశాం, వచ్చేస్తాయి అన్నాడు అన్న.  ఆమె నా వైపు తిరిగింది.

"పాపా, నువ్వు చెప్పు. ఏం చేస్తే ఈ గదిలో మనిషి ఉండొచ్చు?"

అందరూ నన్నే చూశారు. మా ఓనరు చూపులో ఏముందో నాకు బాగా తెలుసు. నాకు భయం వేయలేదని చెప్తే అబద్ధం. కానీ జీవితమంతా చిన్న గదులే నా వాటా అని తోసిపెట్టిన మనుషుల ముందర, ఆ చిన్న గది గురించే నన్నొకామె అడుగుతోంది. దానికి జవాబు చెప్పలేకపోతే నేను నేర్చుకున్నదంతా ఎందుకు?

"ఏం చేసినా ఉండకూడదక్కా. ఇది సామాను పెట్టుకునే గది. గదిని పెద్దదిగా చూపించగలం. లేని గాలిని చూపించలేం."

మేడం, మీరు కారు దగ్గరికి పోండి అన్నాడు మా ఓనరు. పోతానన్నాను గానీ కదల్లేదు. ఎందుకంటే అక్క ఇంకా నన్నే చూస్తోంది. ఆమె తల ఊపింది. అప్పుడు తమ్ముళ్లతో, ఎక్కడా గొంతు పెంచకుండా, అంగడి మీదనే ఉంటానని, గృహప్రవేశానికి వస్తానని, అన్నం తిని పోతానని చెప్పింది.

"ఊరు ఏమనుకుంటాది అక్కా?" అన్నాడు అన్న.

"ఊరు నన్నడిగితే నేను చెప్పుకుంటాలే. మీరేం చెప్తారో అది మీరు చూసుకోండి."

పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసుకుని మజ్జిగ తాగి, గ్లాసు మళ్లీ పళ్లెంలో పెట్టి, అంగడికి వెళ్లిపోయింది.

మా ఓనరు నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అది ఆయన పద్ధతి కాదు. పెద్ద పనులు ఎలాగూ రావు, చిన్నవి కూడా ఇవ్వడం మానేశాడు. పొద్దున పోయి ఖాళీ బల్ల ముందు కూర్చుని సాయంత్రం ఇంటికి రావడం. నేను అలిసిపోయి బల్ల వదిలేసేలా చెయ్యాలనుకున్నాడు. నేను అలిసిపోలేదు, విసుగెత్తి లేచాను. రెండింటికీ తేడా ఉంది. సామాను సర్దుకుంటుంటే భాయ్ వచ్చి నిలబడ్డాడు. పనిముట్లు నావే కదమ్మా, యాడ పనుంటే ఆడికి తెస్తా అన్నాడు.

మొదటి పని ఎవరిచ్చారో మీరు ఊహించే ఉంటారు. అక్క ఫోన్ చేసి అంగడి మీది గదిని చూడమంది. ఆమె చెప్పినట్టే అది ఆ స్టోరుకన్నా చిన్నది. వీధి వైపు రెండు కిటికీలున్నాయి గానీ ఒకదానికి అడ్డంగా బీరువా, ఇంకొకదాని ముందు అమ్ముడుపోని సరుకు మూటలు. మేం చేసిన మొదటి పని వాటిని తొలగించడం. రెక్కలు తెరుచుకోక భాయ్ ఉలితో గీకాల్సి వచ్చింది. తెరుచుకోగానే బజారంతా లోపలికి వచ్చింది. అరటిపండ్ల బండివాడి కేక, బస్సు హారను, మసీదు మైకు, ఎదురంగడిలో వేయిస్తున్న బొరుగుల వాసన. అక్క గది మధ్యలో నిలబడి, ఇంతుండాదా ఇది అంది. మేమింకా రంగు డబ్బా మూత కూడా తీయలేదు.

తర్వాత చేసిందంతా మామూలు పనే. మూటల కోసం తలుపు ఎత్తుకు పైగా చుట్టూ చెక్క అర వేశాం. మంచానికి కాళ్లు పెట్టాం. గోడలకు సున్నం తెలుపు. నేలకు టైల్సు వద్దని, కింద ఉన్న పాత కడప బండనే అరగదీయించాం. అది నల్లగా నీళ్లలా మెరిసింది. ఒక కిటికీ కింద కూర్చోవడానికి బండ అరుగు. పరదాల దగ్గర మాత్రం పేచీ వచ్చింది. లేత రంగు ఉండాలన్నాను నేను. ఆమె అంగడిలోంచి ముదురాకుపచ్చ మీద ఎర్ర అంచున్న నేత గుడ్డ తెచ్చింది. దీంతో గది కుదించుకుపోయినట్టు ఉంటుందక్కా అన్నాను. రంగు సంగతి నాకొదిలెయ్, నువ్వు గది చూసుకో అంది. నేనే ఓడిపోయాను. ఆ పరదాలు ఆమె ఎప్పుడూ మూయలేదు కాబట్టి గదికి ఏమీ కాలేదు.

గృహప్రవేశానికి ఆమె వెళ్లింది, పంక్తిలో కూర్చుని అన్నం తింది, తిరిగొచ్చింది. ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు కొన్ని నెలలు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు పెళ్లిళ్ల సరుకు గురించి అడగడానికని మెట్లెక్కి వచ్చాడట. అరుగు మీద కూర్చున్నవాడు చాలాసేపటిదాకా లేవలేదట. ఈడ గాలి బాగుండాదే అక్కా అన్నాడట. ఆ ఇంటి నుంచి ఆమెకు అందిన క్షమాపణ అంతే. అంతే చాలునా అని నేనడిగితే, నాకు వాడి క్షమాపణ అవసరం లేదు పాపా, వాడికే అవసరముంటే ఇంకోసారి వస్తాడులే అంది.

బజారు ఆడవాళ్లు ఆ గది చూడటానికి వచ్చారు. చీర కొనే నెపంతో వచ్చి పైకెక్కి చూసి పోయేవాళ్లు. వాళ్ల నుంచి నాకు పని పుట్టింది. వేంపల్లెలో ఒక టీచరమ్మ పడకగది, కర్నూలులో నర్సులు ఇద్దరు కలిసి ఉండే అద్దె గది. భాయ్, నేను ఇద్దరమే. బోర్డు కూడా పెట్టలేదు. మా పాత ఓనరు ఎక్కడో అన్నాడట, ఆమెకు పెద్ద పనులు చేతకావు కాబట్టి చిన్నవి చేసుకుంటోందని. నిజమే. నన్నెప్పుడు అడిగినా ఆ మాట గట్టిగానే ఒప్పుకుంటాను.

ఆ నాలుగంతస్తుల ఇంటి గడప మళ్లీ తొక్కుతానని మాత్రం అనుకోలేదు. ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టడానికి ఆమె నా ఎదుట ఎప్పుడూ మాట్లాడింది లేదు. ఆ రోజు మజ్జిగ పళ్లెం పట్టుకుని నిలబడిన తమ్ముడి భార్య.

"నాలుగంతస్తులుండాయి మేడం. నాదని తలుపేసుకునేదానికి ఒక గది లేదు. నేను కుట్టుపని చేస్తా. మిషను వంటింట్లో ఒకసారి, మెట్ల కింద ఒకసారి పెట్టుకుంటాండా. మిద్దె మీద వీధి పక్క గది నాకు కావాల."

అందులో వ్యాయామం మిషన్లు ఉన్నాయి కదా అన్నాను. వాటి మీద తడి బట్టలు ఆరేసుకుంటున్నామంది. మీ ఆయనకు చెప్పారా అని అడిగాను. మీరు రాండి, వచ్చినాక చెప్తా అంది.

భాయ్‌ని తీసుకుని పోయాను. గేటు దగ్గర తమ్ముడే ఎదురయ్యాడు. ముందరిలాగే మర్యాదగా, కానీ దారికి అడ్డంగా నిలబడి, "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు మేడం?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పై మెట్టు మీద నుంచి జవాబు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ ఆమె నిలబడి ఉంది. ఈసారి తల వంచుకుని లేదు.

"నేనే పిలిచినా. నా గదికి కొలతలు తీసేకి. పైకి రాండి మేడం."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. భాయ్ అప్పటికే చెప్పులు విడిచి ఆయన పక్క నుంచి మెట్లెక్కుతున్నాడు. ఆ వెనకే నేనూ ఎక్కాను.